గోర్టిన్ గోడ మీది చట్టం ఎవరు చదవడానికి?

ప్రశ్న: తాటాకు

తెలుగులో ‘శాసనం’ అన్న ఒక్క మాటే రాతి మీది రాతకూ, ప్రభుత్వం చేసే చట్టానికీ చెల్లుతుంది. అయినా మనకు దొరికిన రాతి శాసనాల్లో ఎక్కువ భాగం ఫలానావారు ఫలానా గుడికి ఇంత భూమి ఇచ్చారని చెప్పేవే. వాటికి అలవాటుపడిన నాకు గ్రీకుల క్రీటు ద్వీపంలోని గోర్టిన్ నగరపు శాసనం వింతగా తోచింది. క్రీ.పూ. 450 ప్రాంతంలో ఒక గోడ మీద 12 నిలువు వరుసల్లో, 600కు పైగా పంక్తుల్లో వారసత్వం, విడాకులు, దత్తత, బానిసల తగాదాలు మొదలైన వాటి నిబంధనలను చెక్కారు. నా సందేహాలు రెండు. అక్షరం వచ్చినవారు కొద్దిమందే ఉండే కాలంలో ఇంత రాత ఎవరి కోసం? దీనిని సమగ్రమైన ధర్మసంహిత అనవచ్చునా?

జవాబు: నాపరాయి

తాటాకు గారూ, మొదటి నిబంధనలోనే మీ మొదటి సందేహానికి సమాధానం ఉందని నా అభిప్రాయం. ఒక మనిషి స్వతంత్రుడా, బానిసా అన్న వివాదం వస్తే విచారణకు ముందే అతణ్ణి పట్టుకుపోకూడదు. పట్టుకుపోతే స్వతంత్రుడి విషయంలో 10 స్టేటర్లు (గ్రీకుల నాణేలు), బానిస విషయంలో 5 స్టేటర్లు జరిమానా వేసి, 3 రోజుల్లో విడిచిపెట్టవలసిందిగా న్యాయాధికారి తీర్పు చెప్పాలి. ఇక్కడ చట్టం కక్షిదారుతో ఎంత మాట్లాడుతోందో న్యాయాధికారితోనూ అంతే మాట్లాడుతోంది. ఎక్కడ సాక్షుల మాటను బట్టి తీర్పు ఇవ్వాలో, ఎక్కడ తానే ప్రమాణం చేసి నిర్ణయించాలో కూడా అతనికి నిర్దేశించింది.

అదే ద్వీపంలోని ద్రేరోస్ శాసనం ఇంకా పాతది, క్రీ.పూ. 7వ శతాబ్దానిది. ‘కోస్మోస్’ అనే ప్రధానాధికార పదవిని ఒకసారి చేసినవాడు 10 ఏళ్లు గడిచేదాకా మళ్లీ చేయకూడదనీ, చేస్తే తాను విధించిన జరిమానాలకు రెట్టింపు తానే చెల్లించాలనీ అందులో ఉంది. రాతి మీద మనకు మిగిలిన గ్రీకు చట్టాల్లో అతి ప్రాచీనమైనదిగా ఎంచే ఈ శాసనం పుట్టిందే అధికారి ముందరికాళ్లకు బంధం వేయడానికి.

జవాబు: మెట్టపొలం

నాపరాయి గారి మాట సగం నిజమని ఒప్పుకుంటాను. అయితే ఆ గోడ ముందు నిలబడి తనకు కావలసిన నిబంధనను వెదుక్కోవడం మామూలు మనిషికి తేలిక కాదు. పదాల మధ్య ఖాళీ లేదు. ఒక పంక్తి కుడి నుంచి ఎడమకు సాగితే, చాలు చివర ఎద్దులు మళ్లినట్టు తరువాతి పంక్తి ఎడమ నుంచి కుడికి వస్తుంది. ఈ పద్ధతికి గ్రీకులు పెట్టిన పేరుకు అర్థమూ అదే. (కర్నూలు జిల్లా ఎర్రగుడిలోని అశోకుని లఘు శిలాశాసనంలోనూ కొంత భాగం ఇలాగే మలుపులు తిరుగుతుంది. చూడనివారు తప్పక చూడవలసినది.)

మరొక సంగతి. న్యాయాధికారి పక్కన ‘మ్నామోన్’, అంటే జ్ఞాపకం ఉంచుకునేవాడు, ఉండేవాడు. క్రీ.పూ. 500 ప్రాంతానికి చెందిన ఒక క్రీటు కంచు ఫలకం ప్రకారం, స్పెన్సిథియోస్ అనే లేఖకునికి నగర వ్యవహారాలను వ్రాసే పనినీ గుర్తుంచుకునే పనినీ కలిపి, మన కరణీకంలాగా వంశపారంపర్యంగా ఇచ్చారు. చదవడమే ఒక మిరాశీ అయిన చోట గోడ అందరికీ తెరిచిన పుస్తకమని నేను అనలేను. చట్టం నగరానికి ఉన్నదని చూపించే ఠీవి అందులో చాలా ఉంది.

జవాబు: పాతలిపి

రెండో సందేహానికి నా సమాధానం: సంహిత అనకపోవడమే మేలు. హత్య గురించి అందులో ఒక్క నిబంధన లేదు. ముందే ఉన్న చట్టాలను ప్రస్తావిస్తూ వాటికి సవరణలు చేసే తీరు అడుగడుగునా కనిపిస్తుంది. కుమార్తెల వాటానే తీసుకోండి. పట్టణంలోని ఇళ్లూ పశువులూ కొడుకులకు పోగా, మిగిలిన ఆస్తిలో కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. తండ్రి నుంచి గాని, వారసత్వంగా గాని ఆస్తి రాని స్త్రీలకు, ఐథలియుల వర్గానికి చెందిన కిల్లోస్, అతని సహచరులు కోస్మోస్‌లుగా ఉన్న నాటి నుంచే ఈ హక్కు వర్తిస్తుందని తేదీ కట్టినట్టు చెప్పారు. ఇది నిన్నటి చట్టానికి నేడు వేసిన అతుకు. విడాకుల నిబంధనలో భార్య తాను తెచ్చుకున్న ఆస్తితో పాటు తాను నేసిన బట్టలో సగం తీసుకుపోవచ్చునన్న మాట చదివినప్పుడల్లా, దీనిని వ్రాసినవారు ఎన్ని తగవులు విని ఉంటారో అనిపిస్తుంది.

ఏథెన్సులో డ్రాకో చేసిన హత్యా చట్టాన్ని క్రీ.పూ. 409–408లో మళ్లీ రాతికెక్కించినప్పుడు, మొదలే ‘ఉద్దేశం లేకుండా చంపినప్పటికీ’ దేశబహిష్కారమని వస్తుంది. ఉద్దేశించి చంపినవాడి మాట అంతకు ముందు లేదు; అంటే అదీ సమగ్ర సంహితలా మొదలు కాదు.

తాటాకు

అందరికీ కృతజ్ఞతలు. మన దానశాసనాల చివర, దానభూమిని హరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని శాపం ఉంటుంది. గోర్టిన్ వారు ఆ చోట స్టేటర్లు లెక్కపెట్టారన్నమాట. 1857లో ఒక పిండిమర గోడలో దొరికి లూవ్ర్ మ్యూజియానికి చేరిన ముక్కలో దత్తత నిబంధనలు ఉన్నాయి. మిగతా గోడలో చాలా భాగం 1884లో గాని బయటపడలేదు. దత్తతను పౌరులు కూడిన అంగడిలో, ప్రకటనలు చేసే రాతి మీద నుంచి చాటాలన్నది చట్టం. మెట్టపొలం గారి వాదానికి ఇది బలమే. చెక్కిన తరువాత కూడా నోటితో చెప్పడం తప్పలేదు.