వనామీ పంట: 100 కౌంటుకే పట్టాలా, 50 కౌంటు దాకా ఆగాలా?

మొగల్తూరు రైతు:
మా లీజు చెరువులో వనామీ రొయ్య 100 కౌంటుకు, అంటే కిలోకు నూరు తూగే స్థాయికి వచ్చింది. చెక్ ట్రేలలో మేత బాగానే తింటోంది, చావులు కనబడటం లేదు. ఇప్పుడే పట్టేయమని మేత డీలరు, 50 కౌంటు దాకా ఆగమని మా నాన్నగారు అంటున్నారు. లెక్క ఎలా వేసుకోవాలో పెద్దలు దయచేసి చెప్పగలరు.

కైకలూరు పాతకాపు:
తమ్ముడుగారూ, పెరగబోయే బరువుకు ఎంత మేత పడుతుందో ముందు చూడండి. లక్ష పిల్ల వేస్తే 80 వేలు బతికాయనుకుందాం. 100 కౌంటు దగ్గర అవి 800 కిలోలు. కిలో రొయ్యకు 1.2 కిలోల చొప్పున 960 కిలోల మేత పడుతుంది. అవే 50 కౌంటుకు వస్తే 1,600 కిలోలు, చొప్పు 1.4కు పెరిగితే మేత 2,240 కిలోలు. అంటే రెండో 800 కిలోల కోసం మీరు 1,280 కిలోల మేత వేస్తున్నారు, చొప్పు 1.6 అన్నమాట. అయినా ఆగినవారికే మిగులుతుంది, ఎందుకంటే పెద్ద రొయ్యకు వచ్చే అదనపు ధర పెరిగిన బరువుకే కాక మొత్తం 1,600 కిలోలకూ వర్తిస్తుంది. నడుమ చావులు వచ్చి 65 వేలే మిగిలితే మాత్రం బరువు 1,300 కిలోల దగ్గర ఆగిపోతుంది, కరెంటు బిల్లు, లీజు తగ్గవు. 1990ల నడిమిలో తెల్లమచ్చ వ్యాధి టైగర్ రొయ్యను తుడిచిపెట్టడం చూసినవాళ్ళం కనుక ఈ రెండో లెక్క వేయకుండా ఎవరినీ ఆగమని చెప్పలేను.

నెల్లూరు ల్యాబ్ టెక్నీషియన్:
చావులు లేవన్న ఒక్క మాటతో చెరువు ఆరోగ్యంగా ఉందని అనుకోకండి. ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి సోకిన రొయ్య చాలాసార్లు చావదు, మేతా మానదు. దాని కాలేయం దెబ్బతినడం వల్ల తిన్నది బరువుగా మారదు. విసురువలతో వారం వారం శాంపిల్ తీసి తూచినప్పుడు వారానికి ఒక గ్రాము కూడా పెరగకపోయినా, చిన్నా పెద్దా కలిసి వస్తున్నా వెంటనే పీసీఆర్ పరీక్ష చేయించండి. దీనికి మందు లేదు గనుక, పాజిటివ్ వస్తే ఆగే ప్రతి రోజూ నష్టమే. పట్టిన తరువాత చెరువును ఎండగట్టి, హెక్టారుకు ఆరు టన్నుల కాల్చిన సున్నం వేసి, పది పన్నెండు సెంటీమీటర్ల లోతున దున్ని తడపాలి. మట్టి పీహెచ్ 12కు చేరితేనే ఈహెచ్‌పీ బీజాలు చస్తాయి. ఎవరైనా యాంటీబయాటిక్ వేయమంటే దయచేసి వినకండి. నైట్రోఫ్యూరాన్ అనే యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే విదేశాల్లో కంటైనరే వెనక్కి వస్తుంది.

ఒంగోలు రైతు:
అప్పు మీద మేత ఇచ్చిన డీలరు ఇప్పుడే పట్టమనడంలో బాకీ వసూలు తొందర కూడా ఉండవచ్చు, ఆ సలహాను ఆ మేరకే తీసుకోండి. కానీ ధర మన చేతిలో లేదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు, మన రొయ్యకు అతి పెద్ద కొనుగోలుదారు ఆ దేశమే కావడంతో, ఇక్కడి చెరువు గట్ల మీద రేట్లు పడిపోయాయి. అందుకే నేను మధ్యేమార్గంగా 100 కౌంటు దగ్గర కొంత పట్టి అమ్మి డీలరు బాకీ తగ్గించుకుంటాను, మిగిలినదాన్ని పెంచుతాను. చెరువులో బరువు తగ్గడం వల్ల తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే ప్రమాదమూ తగ్గుతుంది.

మొగల్తూరు రైతు:
అందరికీ కృతజ్ఞతలు. రేపే పీసీఆర్‌కు శాంపిల్ ఇస్తాను. కొంత పట్టే పక్షంలో అమావాస్య లోపే పట్టవచ్చా?

కైకలూరు పాతకాపు:
అమావాస్యకు, పౌర్ణమికి రొయ్య ఎక్కువగా గుల్ల విడుస్తుంది. మెత్తరొయ్య కలిస్తే కొనేవారు ధర కోస్తారు. శాంపిల్‌లో గుల్ల గట్టిగా ఉంటే అమావాస్యకు నాలుగు రోజుల ముందే పట్టండి, లేకపోతే అది దాటి గట్టిపడే దాకా ఆగండి.