నడుస్తున్న ఉప్పునీటి అక్వేరియానికి రెఫ్యూజియం కలపడం ఎలా?

మా ఇంట్లో 300 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం మూడేళ్లుగా నడుస్తోంది. రెండు క్లౌన్ చేపలు, ఒక పసుపు టాంగ్ చేప, నాలుగైదు మెత్తని పగడాలు ఉన్నాయి. (టాంగ్‌కు ఆ తొట్టి ఇరుకని తెలుసు, తిట్టకండి.) సాంద్రత 1.025 దగ్గర నిలకడగానే ఉంది కానీ, చేపల వ్యర్థాల వల్ల పేరుకునే నైట్రేట్ మాత్రం 40 పీపీఎం నుంచి దిగనంటోంది. వారం వారం 30 లీటర్ల నీళ్లు మార్చినా అంతే. అద్దం తుడిచిన మూడో రోజుకే పచ్చని పొర, వెనక రాళ్ల మీద జుట్టులాంటి నాచు. టాంగ్ దాన్ని తింటుందనే తెచ్చాను. అదేమో నేను వేసే ఎండు నోరి (సముద్రపు నాచు రేకు) కోసం అద్దం దగ్గరే కాపు కాస్తుంది.

అందుకే కింది సంప్‌లో (పై తొట్టి నీళ్లు దిగి, పంపుతో మళ్లీ పైకి వెళ్లే తొట్టి) ఒక గదిని రెఫ్యూజియంగా, అంటే నైట్రేట్‌ను పీల్చుకునే నాచు పెంచే చోటుగా మార్చి, కీటోమార్ఫా నాచు పెంచాలనుకుంటున్నాను. కాలెర్పా అనే మరో నాచు వద్దనుకున్నాను. అది ఒక్కోసారి రాత్రికి రాత్రే తెల్లబడి చచ్చి, పీల్చుకున్నదంతా మళ్లీ నీళ్లలోకే వదిలేస్తుంది. రాత్రి పీహెచ్ పడిపోకుండా, పై దీపాలు ఆర్పాక ఇక్కడి దీపం వెలిగిస్తాను.

నా అసలు భయం కరెంటు కోత. పంపు ఆగగానే పై నుంచి 12 లీటర్ల దాకా కిందికి దిగుతుంది. అప్పుడు సంప్ అంచుకు మూడు వేళ్ల ఖాళీయే మిగులుతుంది. నాచు మునిగేంత నీరు నిలవాలని అడ్డుగోడ ఎత్తు పెంచితే ఆ ఖాళీ కూడా పోతుంది. దీనికి మార్గం ఏమిటి? ఈ గదిని స్కిమ్మర్‌కు (నురుగుతో మురికిని తీసే పరికరం) ముందు పెట్టాలా, తరువాతా? అడుగున ఇసుక పరచాలా? పోషకాలు ఒక్కసారిగా తగ్గితే పగడాలు తట్టుకుంటాయా, లేక మొదట దీపం నాలుగైదు గంటలే వెలిగించడం మంచిదా? పాత తొట్టికి ఇలా కలిపినవారు ఎవరైనా ఉంటే చెప్పండి.