సమస్య: “చిరుగులే లేని బొంతకుఁ జెలువు లేదు”

నిర్వాహకుడు: ఈ వారానికి తేటగీతి అనే పద్యానికి చివరి పాదం ఇస్తున్నాను; ముందు మూడు పాదాలు రాసి పద్యం పూర్తిచేయడమే పూరణ. చిరుగు లోపమే కదా, అది లేనంత మాత్రాన అందమెట్లా పోతుందన్నదే ఇందులోని చిక్కు. బొంత కుట్టడం దగ్గరగా చూసినవారికి ఇది తేలికగానే విడుతుంది.

మొదటి పూరణ:

అమ్మ కట్టిన చీరల యంచుఁ దీసి
చినుగు చోటుల ముక్కలు చేర్చి కుట్టి
పాపపైఁ గప్పె వెచ్చగాఁ బవలు రేలు
చిరుగులే లేని బొంతకుఁ జెలువు లేదు

వ్యాఖ్య: చిరుగు మీద పడిన అంచుముక్కే అలంకారమైందన్న ఊహ బాగుందమ్మా. కప్పినదెవరో తెలియడం లేదు. “పాపపైఁ గప్పె నవ్వయే పదిలముగను” అంటే అవ్వ కర్తగా దొరుకుతుంది.

రెండవ పూరణ:

క్రొత్త బట్టను సూది లోఁ గ్రుంగఁబోదు
మెత్తనైనట్టి చీరలే మే లటంచు
అత్త దారముఁ జేతికి నందఁజేసె
చిరుగులే లేని బొంతకుఁ జెలువు లేదు

వ్యాఖ్య: సమస్యను పనితనంతోనే విడదీశారు. కొత్త గుడ్డ గంజితో బిగిసి ఉంటుంది కనుక నాలుగు పొరలు కలిస్తే సూది మొరాయిస్తుంది. ఏళ్ల తరబడి ఉతికి నలిగిన చీర సూదికి దారి ఇస్తుంది, ఒంటికీ హాయిగా ఉంటుంది. ఆ నలుగుడుతోపాటే చిరుగులూ వస్తాయి. అయితే సూది దిగుతుందంటాం గాని క్రుంగుతుందనం. “సూదితోఁ గ్రుచ్చలేము” అంటే యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి) చెడదు, మాటా సహజమవుతుంది.

కవయిత్రి: సవరణ శిరోధార్యం గురువుగారూ.

మూడవ పూరణ:

ప్రాత గుడ్డల పొరలనుఁ బఱచి నేల
దారములు సాలుగా వేసి దగ్గరగను
నలువు రొకచోటఁ గుట్టిరి వేడ్క మీఱ
చిరుగులే లేని బొంతకుఁ జెలువు లేదు

వ్యాఖ్య: రెండవ పాదం చదివి చాలాసేపు ఆగాను. బొంతను నేల మీద పరచి ఈ చివరి నుంచి ఆ చివరికి కుట్టుకుంటూ పోయే దారపు వరుసలు నిజంగా దున్నిన సాళ్లలాగే ఉంటాయి; ఆ వరుసల మధ్య గుడ్డ కొంచెం ఉబ్బి నిలుస్తుంది. మూడవ పాదంలో ‘న’కు ‘వే’తో యతి చెల్లదు. “నలువు రొకచోటఁ గుట్టిరి నవ్వుకొనుచు” అనండి. వేడుక అన్న మాటకు బదులు ఆ నలుగురి ముఖాలే కనిపిస్తాయి. చిరుగు ప్రసక్తి మాత్రం ‘ప్రాత’ అన్న ఒక్క మాట మీదే ఆధారపడింది. అన్వయం ఇంకా బిగించాలి.

ఒక సభ్యుడు: కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ స్త్రీలు కుట్టే కవంది కూడా పాతబట్టల ముక్కల బొంతే. అంచు నుంచి మధ్యకు కుట్టుకుంటూ వచ్చి, నాలుగు మూలలా మడిచిన గుడ్డముక్కలను ‘ఫూల’ (పువ్వు) అనే పేరుతో అతుకుతారు. అవి లేని కవందిని వారు దిగంబరమంటారు.

నిర్వాహకుడు: ఆ మూలల పూలను ఒక పాదంలో ఇమిడ్చి మీరే నాలుగవ పూరణ పంపండి.