ఈ వారం సమస్య: "ఓట్లు గెలిచి యామె యోడిపోయె"

అడ్మిన్, చిక్కడపల్లి: ఇది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం, పై మూడూ మీరు రాసి పూరించాలి. ఆడామె దేశానికి నాయకురాలవ్వాలంటే ఏం అడ్డమొస్తుందని మొన్న త్యాగరాయ గానసభ బయట చాయ్ తాగుతూ మొదలైన గొడవ ఇంకా తెగలేదు, అందుకే ఇక్కడ పడేస్తున్నా. పార్టీ ప్రచారాలొద్దు, గణాలు (గురులఘువుల గుంపులు) చూస్కొని పెట్టండి.

మాస్టారు: హిల్లరీ క్లింటన్, 2016 అమెరికా ప్రెసిడెంట్ ఎలక్షన్. అక్కడ మొత్తం ఓట్లు కాదు, రాష్ట్రాల వారీ లెక్కే గెలిపిస్తుంది.

పోరు సల్పి యామె ముప్పది లక్షల
యెక్కువోట్లు తెచ్చె నేమి ఫలము
మూడు రాష్ట్రములను పోగొట్టుకొనుటచే
నోట్లు గెలిచి యామె యోడిపోయె

అడ్మిన్: నడక బావుంది మాస్టారూ, కానీ ముప్పై కాదు కదా, 28 లక్షల 68 వేల చిల్లర. మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడూ కలిపి 78 వేల లోపు తేడాతో పోయాయి, అసలు దెబ్బ అక్కడ, మీరు దాన్ని ఒక్క పాదంలో లాగించేశారు. పైగా పద్యంలో ఆవిడ పేరే లేదు, మీరు పైన రాయకపోతే ఎవరనుకోవాలి?

మాస్టారు: ఇరవై ఎనిమిది సూర్యగణాల్లో (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు) ఇరకట్లేదయ్యా, ట్రై చేశా. రౌండ్ ఫిగర్ అనుకో.

కూకట్‌పల్లి అక్క: "చే" తర్వాత ద్రుతం, అంటే నకారం వచ్చి ఓట్లు కాస్తా నోట్లయిపోయాయి చూశారా 😄 మన దగ్గర ఎలక్షన్ ముందు రాత్రి ఈ సంధి దానంతటదే జరిగిపోతుంది. సరే నాది, దీనికి అమెరికా దాకా పోనక్కర్లేదు:

మహిళ సీటటంచు మగడాలి నిలబెట్టి
కుర్చిమీద తానె కూరుచుండె
సంతకముల కొరకె సతిని పిలుచుచుండ
నోట్లు గెలిచి యామె యోడిపోయె

అడ్మిన్: అబ్బ! "సంతకముల కొరకె" దగ్గర ఆగిపోయా. "మగడాలి" మాత్రం మొదటిసారి చదివితే తికమకే, మగడు ఆలిని అని విడదీసుకోవాలి. తెలంగాణ పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్ళవే, ఫోన్ చేస్తే ఎత్తేది మాత్రం "సర్పంచ్ పతి". సిటీలో ఏం తక్కువా, మా గల్లీలో ఫ్లెక్సీ మీద గెలిచినావిడ ఫొటో కన్నా ఆయన ఫొటోనే పెద్దది.

మాస్టారు: అమ్మా, నా దానికన్నా నీదే నిలబడుతుంది. ఒప్పుకుంటున్నా.

మెహదీపట్నం కుర్రాడు: సార్ నాది ఒక్క పాదమే అయ్యింది, ఇందిరమ్మ మీద. "మెదక్ సీటు గెలిచి మేడము ఢిల్లికి"... ఇంకో డౌట్, గెలిచి ఆమె కలిపితే గెలిచామె అవ్వాలి కదా?

అడ్మిన్: కాదు, క్త్వార్థంలో, అంటే "గెలిచి", "చేసి" లాంటి మాటల్లో, చివరి ఇకారానికి సంధి లేదు, అందుకే యడాగమం, మధ్యలో "య" చేరుతుంది. "మెదక్" లగం (లఘువు-గురువు), సూర్యగణం కాదు, "మెదకు" అను, నగణం (మూడు లఘువులు) అయిపోద్ది. కానీ తమ్ముడూ, 1980లో ఆవిడ రాయబరేలీ, మెదక్ రెండూ గెలిచి మెదక్ ఉంచుకున్నారు, 77లో రాయబరేలీలో ఓట్లే ఓడిపోయారు. నీ సమస్య ఎక్కడ తీరినట్టు?

కుర్రాడు: పోనీ 2024 కమలా హారిస్?

మాస్టారు: ఆవిడ ఓట్లూ ఓడారు, పదవీ ఓడారు. అక్కడ సమస్యే లేదు, ఇంక పూరణేంటి.

అక్క: అదే ఏడాది పక్కనే మెక్సికోలో షీన్‌బామ్ ప్రెసిడెంట్‌గా గెలిచింది మాస్టారూ, దానికీ ఓ పాదం ఇవ్వమనండి.

అడ్మిన్: షీన్‌బామ్‌ని ఏ గణంలో కూర్చోబెట్టాలో ముందు మీరే చెప్పండి, వచ్చే వారం ఇస్తా.