రజతోత్సవ నిధి: ఇన్నోవేషన్ కేంద్రానికా, పాత ల్యాబులకా?

డల్లాస్_మెకానికల్: డిసెంబరులో మా బ్యాచ్ ఇరవై ఐదేళ్ల సమ్మేళనం. వసూలైన డబ్బుతో కాలేజీలో ఇన్నోవేషన్ కేంద్రం పెడదామని ఎక్కువమంది అంటున్నారు. మీరేమంటారు?

ల్యాబ్_పక్కగది: నేను అదే కాలేజీలో చదివాను, అక్కడే పాఠాలు చెబుతున్నాను. ముందటి బ్యాచ్ వారు ఇచ్చిన 3డీ ప్రింటర్ ఇంకా ఉంది. ప్లాస్టిక్ తీగ అయిపోయింది, కొనడానికి పద్దు లేదు. నాజిల్ మూసుకుపోతే విప్పగలిగే మనిషి లేడు. కాలేజీల నాణ్యత చూసి గ్రేడు ఇచ్చే నాక్ బృందం వచ్చిన రోజున మాత్రం దాని మీది గుడ్డ తీస్తాం.

డల్లాస్_మెకానికల్: ఒక ప్రింటర్ మూలపడితే ఆలోచనే తప్పా? ఏథర్ స్కూటర్, అగ్నికుల్ రాకెట్ కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే ఐఐటీ మద్రాసు ఇంక్యుబేషన్ సెల్‌లో పెరిగినవే. 2024 మేలో ఎగిరిన అగ్నికుల్ రాకెట్ ఇంజిన్ ఒకే ముక్కగా 3డీ ప్రింటర్ మీదే తయారైంది.

లేత్_మనిషి: అది లోహాన్ని అచ్చువేసే యంత్రం సార్. బల్ల మీది ప్లాస్టిక్ ప్రింటర్‌తో పోల్చకండి.

కర్నూలు_సివిల్: భోజనాలు ఎవరు చూస్తున్నారు?

ల్యాబ్_పక్కగది: ఐఐటీ మద్రాసు అన్నారు కాబట్టి అక్కడి మాటే. 1970లో అక్కడ ఎంటెక్ చేసిన కృష్ణ చివుకుల గారు 2024లో 228 కోట్లు ఇచ్చారు. అందులో ఉపకార వేతనాలు, పరిశోధన గ్రాంట్లు, చివరికి 'శాస్త్ర' పత్రిక నిర్వహణ కూడా ఉన్నాయి. ఏటేటా అయ్యే ఖర్చులవి. మాకు కావలసింది ఒక టెక్నీషియన్ జీతం.

డల్లాస్_మెకానికల్: ఆయన పేరు ఒక బ్లాకుకు పెట్టారు కదా! మేము ఫలకం అడిగితే నేరమా?

ల్యాబ్_పక్కగది: ఫలకం ఊసే నేను ఎత్తలేదు.

డల్లాస్_మెకానికల్: అయితే వినండి. పదేళ్ల కిందట ల్యాబులకని మేము పంపిన డబ్బు గేటు ముందు ఆర్చి అయింది. లెక్క అడిగితే జవాబు లేదు. గది కట్టి పేరు పెడితే కనీసం మా రూపాయి కంటికి కనబడుతుంది.

ల్యాబ్_పక్కగది: ఆ ఆర్చికి సంతకం పెట్టింది నేనా? యాజమాన్యాన్ని నమ్మరు, సరే. మమ్మల్నీ వాళ్ల గాటనే కట్టేశారు. వేదికకు, బసకు, షామియానాకు మాకు ఫోను చేస్తారు. ఏ యంత్రం కావాలని ఒక్కరూ అడగలేదు. ఊరు దాటినవాళ్లకు శాలువాలు, ఉండిపోయినవాళ్లకు కుర్చీలు సర్దే పని!

లేత్_మనిషి: విడిగా ట్రస్టు ఖాతా తెరవండి. పూర్వ విద్యార్థి ఒకరు, ల్యాబు వారు ఒకరు కలిసి సంతకం చేస్తేనే డబ్బు కదలాలి. ఇంజిన్ సంగతికి మాత్రం ఇంకా జవాబు రాలేదు.

డల్లాస్_మెకానికల్: యాజమాన్యం ఒప్పుకోవాలి కదా.

ల్యాబ్_పక్కగది: మేము అడిగితే ఒప్పుకోదు. మీరు అడిగితే కుర్చీ వేసి వింటుంది. అడగండి.

డల్లాస్_మెకానికల్: అడుగుతాను. జీతానికైతే మావాళ్లెవరూ డబ్బు ఇవ్వరు, ముందే చెబుతున్నాను.