పాత అపార్ట్‌మెంట్‌లో 3 మెట్లకు ర్యాంప్: 6 అడుగులు చాలుతుందా?

మియాపూర్_కమిటీ అడిగినది:

మాది స్టిల్ట్ ప్లస్ 5 అంతస్తులు, 40 ఫ్లాట్లు. పార్కింగ్ నుంచి లిఫ్టు దాకా వెళ్లాలంటే 3 మెట్లు ఎక్కాలి, ఒక్కోటి 6 అంగుళాలు. 70 దాటినవాళ్లు పదిమందికి పైగా ఉన్నారు. ఇద్దరు వాకర్‌తో నడుస్తారు, ఒకరు వీల్‌చైర్‌లో ఉంటారు. 6 అడుగుల ర్యాంప్ చాలని మేస్త్రీ అంటున్నాడు. విజిటర్ పార్కింగ్‌లో ఒక్క కారు జాగా వదులుకోగలం, అంతకుమించి కుదరదు. జనరల్ బాడీలో పెట్టేలోపు కొలతలు ఖాయం చేసుకోవాలి. ర్యాంప్ కాక ఇంకేమేం చూసుకోవాలో కూడా చెప్పండి.

సైట్_ఇంజినీర్:

6 అడుగులు అస్సలు చాలదండి. మీ మెట్ల ఎత్తు మొత్తం 18 అంగుళాలు. అంత ఎత్తును 6 అడుగుల్లో ఎక్కిస్తే వాలు 1:4 అవుతుంది. ఎక్కేటప్పుడు వీల్‌చైర్ వెనక్కి తిరగబడొచ్చు, దిగేటప్పుడు వెనకాల పట్టుకున్న మనిషి ఆపలేకపోవచ్చు. నిబంధనల ప్రకారం 1:12, అంటే ప్రతి అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. మీకు 18 అడుగులు కావాలి.

నేరుగా వేస్తే జాగా దొరకదు, కాబట్టి మధ్యలో వెనక్కి తిప్పండి. 9 అడుగులు ఎక్కి, 5 అడుగుల సమతలం మీద తిరిగి, మళ్లీ 9 అడుగులు. రెండు వరుసలూ పక్కపక్కనే వస్తాయి కాబట్టి మొత్తం 14 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. కారు జాగా సాధారణంగా 16 x 8 అడుగులు ఉంటుంది కాబట్టి అందులో పడుతుంది. ఒక్కో వరుసకు రెయిలింగ్ పోను మూడున్నర అడుగులు దక్కుతుంది. కొత్త భవనమైతే 4 అడుగులు అడిగేవాణ్ని. పాతదానిలో సర్దుకోవచ్చు గానీ 3 అడుగులకు మాత్రం దిగకండి. పైనా కిందా 5 అడుగుల ఖాళీ ఉండాలి. కింది చివర కారు నిలిపితే ర్యాంప్ ఉన్నా లేనట్టే.

ఉపరితలం దగ్గరే ఎక్కువ పనులు చెడతాయి. అందం కోసం పాలిష్ గ్రానైట్ పరుస్తారు, వానాకాలంలో తడి చెప్పులతో జారిపోతారు. కార్ల ర్యాంపులకు వేసే లోతైన గాడులు కూడా వద్దు, వాకర్ కాళ్లు వాటిలో దిగబడతాయి. కాంక్రీటు పచ్చిగా ఉండగానే చీపురుతో అడ్డంగా సన్నటి చారలు గీయిస్తే చాలు. అంచుల్లో 3 అంగుళాల గట్టు కట్టండి, చక్రం పక్కకు జారదు.

రెయిలింగ్ రెండు వైపులా ఉండాలి: 3 అడుగుల ఎత్తులో ఒకటి, రెండున్నర అడుగుల ఎత్తులో ఇంకొకటి. ఒకటిన్నర అంగుళాల గుండ్రటి పైపు గుప్పిట్లో ఇముడుతుంది. పలక పైపును పెద్దవాళ్ల వేళ్లు చుట్టి పట్టుకోలేవు. పైపును ర్యాంప్ మొదట్లోనూ చివరలోనూ మరో అడుగు ముందుకు సాగదీయండి. మనిషి తడబడేది అక్కడే.

ఒక మాట. మెట్లు తీసేయకండి. మోకాళ్ల నొప్పి ఉన్న చాలామందికి పొడవైన వాలు కంటే పట్టుకోవడానికి పైపు ఉన్న 3 మెట్లే సుఖం. ఆ మెట్లకూ రెండు వైపులా రెయిలింగ్ పెట్టి, ప్రతి మెట్టు అంచున 2 అంగుళాల పసుపు పట్టీ అంటించండి. నల్ల గ్రానైట్ మెట్లయితే, చూపు తగ్గినవాళ్లకు పై నుంచి అంతా ఒకే పలకలా కనిపిస్తుంది.

బాత్రూమ్_ఫిట్టింగ్స్:

ర్యాంప్ అందరిదీ కాబట్టి మీటింగులో తేలుతుంది. బాత్రూమ్ ఎవరి ఫ్లాట్ వాళ్లది, అందుకే వాయిదా పడుతుంది. పడిపోయే ప్రమాదం అక్కడా తక్కువేం కాదు.

గోడకు గాలి పీల్చి అతుక్కునే పిడులు కొనకండి. టైలు మీద తడి చేరితే చెప్పకుండా ఊడివస్తాయి. స్టీలు గ్రాబ్ బార్, అంటే గోడకు బిగించే పట్టుకునే పైపు, పెట్టించాలి. గోడ ఏదో ముందు తెలుసుకోండి. గట్టి ఇటుక గోడకు యాంకర్ బోల్టు పట్టు ఇస్తుంది. బోలు బ్లాకుల గోడలో స్క్రూకు వేసే మామూలు ప్లగ్ తిరుగుతూనే ఉంటుంది. గోడ దాటి బోల్టు వేసి, అవతలి వైపు స్టీలు ప్లేటు పెట్టి బిగించాలి. బార్‌కూ గోడకూ మధ్య ఒకటిన్నర నుంచి 2 అంగుళాల సందు చాలు. మరీ ఎక్కువైతే ముంజేయి లోపలికి జారి ఇరుక్కుంటుంది.

తలుపు బయటికి తెరుచుకునేలా మార్చండి. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడితే ఆ శరీరమే తలుపుకు అడ్డం. గడియ కూడా బయటి నుంచి తీయగలిగేది కావాలి.

లిఫ్ట్_ఏఎంసీ:

లిఫ్టులో ఏఆర్‌డీ ఉందా? కరెంటు పోతే దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తెరిచేది అదే. ఉన్నా దాని బ్యాటరీ చచ్చిపోయి ఉండొచ్చు. నెలవారీ సర్వీసులో మెయిన్ ఆపించి మీ ఎదుటే పరీక్ష చేయించండి. లిఫ్టు ఫ్లోర్‌కు సమంగా ఆగుతుందో కూడా చూడండి. అరంగుళం తేడా కుర్రాళ్లకు తెలియదు, కాలు ఈడ్చి నడిచేవాళ్లను పడేస్తుంది. వీల్‌చైర్ కొనేముందు లిఫ్టు తలుపు కొలవండి. పాత చిన్న లిఫ్టుల్లో 28 అంగుళాలే ఉండొచ్చు.

గేటు యాప్ సంగతి మర్చిపోకండి. పిల్లలు అమెరికాలో ఉండి, యాప్‌లో వాళ్ల నంబరే ఉంటే, అనుమతి అడిగే నోటిఫికేషన్ అర్ధరాత్రి వాళ్ల ఫోనుకు వెళుతుంది, ఇక్కడ మందులు తెచ్చిన కుర్రాడు గేటు దగ్గర నిలబడి ఉంటాడు. అలాంటి ఫ్లాట్లకు ఇంటర్‌కామ్ పిలుపే మొదటి దారిగా పెట్టించండి. మీటింగు టెర్రస్ మీద కాక స్టిల్ట్‌లో కుర్చీలు వేసి పెట్టండి, నోటీసు వాట్సాప్‌తో పాటు లిఫ్టు పక్కన పెద్ద అక్షరాల్లో అతికించండి. అక్కడే 108, పెద్దల హెల్ప్‌లైన్ 14567 కూడా రాయండి.

మియాపూర్_కమిటీ:

చాలా థాంక్సండి. మేం ఇవ్వగల జాగాలో ఒక మూల సంపు మూత ఉంది. దాని మీద నుంచి వేసేయొచ్చా?

సైట్_ఇంజినీర్:

కాంక్రీటు మాత్రం వేయకండి, సంపు కడిగే రోజు పగలగొట్టుకోవాల్సి వస్తుంది. మూత మీదికి వచ్చే ముక్కను ఇనుప ఫ్రేమ్‌తో చేయించి, బోల్టులు విప్పితే మొత్తం పైకి లేచేలా పెట్టండి. పై రేకుకు ఇసుక కలిపిన యాంటీ స్కిడ్ పెయింట్ తప్పనిసరి, ఉత్త రేకు తడిస్తే జారుతుంది. రేకు, కాంక్రీటు కలిసేచోట ఎత్తు తేడా లేకుండా చూసుకోండి.

పని మొదలుపెట్టే ముందు సుద్దముక్కతో నేల మీద పూర్తి కొలతలు గీసి, 2 రోజులు అలాగే వదిలేయండి. పక్క కార్లు తిరగడానికి ఇబ్బందో కాదో తెలుస్తుంది. ఆ గీతల మధ్యే ఆ వీల్‌చైర్‌ను ఒకసారి తిప్పి చూడండి. మలుపు దగ్గర చాలకపోతే గోడ లేవకముందే జరుపుకోవచ్చు.