చిన్న ఆటల ఛానళ్లు అందరి ప్యాక్‌లో కలపాలా, విడిగా ఇవ్వాలా? (చెన్నై కేబుల్)

పెరంబూర్_లైన్ అడిగిన ప్రశ్న

పెరంబూర్, అయనావరం వైపు 600 కనెక్షన్ల కేబుల్ లైన్ మాది. సగానికి పైగా తెలుగువాళ్ల ఇళ్లే. మాకు సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ కంపెనీ (ఎమ్మెస్వో) కొత్త ప్యాకులు కడుతూ మా అభిప్రాయం అడుగుతున్నారు. హాకీ, బ్యాడ్మింటన్, మోటార్ రేసులు వేసే 5 రూపాయల లోపు ఛానళ్లను అందరికీ వెళ్లే బేస్ ప్యాక్‌లో వేయమనాలా, కావాలన్నవాళ్లకే యాడ్-ఆన్‌గా ఇమ్మనాలా? చూసేది 40 ఇళ్లకు మించదు. కానీ ఛానల్ పోతే మొదట ఫోన్ చేసేదీ, కనెక్షన్ తీసేస్తామనేదీ ఆ 40 మందే. లెక్క తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కలపుస్తకం

అన్నా, ముందు బేసిక్ అంటే ఏంటో తేల్చుకుందాం. ఎన్‌సీఎఫ్, అంటే నెట్‌వర్క్ వాడుకకు ఇంటివాళ్లు నెలనెలా కట్టే రుసుము కడితే దక్కేవి ఉచిత ఛానళ్లు. 2019 ఫిబ్రవరి 1న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ వచ్చినప్పుడు 130 రూపాయలకు 100 ఛానళ్లు, 2020 సవరణతో అదే డబ్బుకు 200. 2024 జులైలో ఎన్‌సీఎఫ్‌ మీద పరిమితే తీసేశారు. పే ఛానల్ రూపాయిదైనా సరే, దాని ధర ఎన్‌సీఎఫ్‌కి పైన పడాల్సిందే. కాబట్టి మీరు 'బేస్ ప్యాక్' అంటున్నది ఉచితం కాదు, అందరి దగ్గరా వసూలు చేసే పే ప్యాక్.

5 రూపాయల ఛానల్ జీఎస్టీతో 5.90. 600 ఇళ్లకు కలిపితే నెలకు 3,540 రూపాయలు. అందులో 3,304 ఆ ఛానల్ ఎప్పుడూ పెట్టని 560 ఇళ్లవి. ఇక మన వాటా. ఛానల్ ధరలో కేబుల్ వాళ్లకు దక్కే డిస్ట్రిబ్యూషన్ ఫీజు కనీసం 20 శాతం, అంటే రూపాయి. వేరే ఒప్పందం లేకపోతే ఎమ్మెస్వోకి 55, లోకల్ ఆపరేటర్‌కి 45. ఇంటికి 45 పైసల చొప్పున, అందరికీ వేస్తే 270 రూపాయలు, 40 ఇళ్లకే ఇస్తే 18. ఆ 252 రూపాయల కోసం 560 మందికి బిల్లు పెంచడం నాకు నచ్చదు. ఒక్కొక్కరికి 6 రూపాయలేగా అనుకుంటాం, అలాంటివి ఐదు ఛానళ్లు చేరితే 30 దాకా అవుతుంది. నా ఓటు యాడ్-ఆన్‌కే.

మైలాపూర్_వీక్షకుడు

లెక్క సరే గానీ, అది ఛానల్ వైపు నుంచి చూస్తే తిరగబడుతుంది. చిన్న ఆటల ఛానళ్లు రెండు రకాలు. క్రికెట్ ఛానల్‌కి తోబుట్టువు ఉన్నది ఒక రకం, ఒంటరిది ఇంకో రకం.

మొదటిదాని సంగతి చూడండి. 19 రూపాయలు దాటిన ఛానల్‌ని బొకేలో (కలిపి అమ్మే ఛానళ్ల కట్టలో) పెట్టకూడదు, బొకే మీద తగ్గింపు 45 శాతం దాటకూడదు. ఇప్పుడు క్రికెట్ ఛానల్ 19, పక్కన 6, 3, 2 రూపాయలవి మూడు అనుకోండి. మొత్తం 30. గరిష్ఠ తగ్గింపు ఇస్తే బొకే 16.50. ఒక్క క్రికెట్ ఛానల్ విడిగా కొనేకంటే నాలుగూ కలిపి కొంటే రెండున్నర రూపాయలు తక్కువ! క్రికెట్ చూసే ఇంటికి హాకీ ఎలాగూ వచ్చేస్తుంది. ఈ రకం ఛానళ్ల గురించి మీరు తల పట్టుకోవక్కర్లేదు.

నలిగిపోయేది ఒంటరి ఛానల్. 2017 నిబంధనల్లో, ప్రసారం చేయమని ఛానల్ తనంతట తాను అడిగితే కేబుల్ కంపెనీకి క్యారేజ్ ఫీజు కట్టాల్సి ఉండేది. మామూలు క్లారిటీ (ఎస్‌డీ) ఛానల్‌కి చందాదారుకు నెలకు గరిష్ఠంగా 20 పైసలు, అదీ తనను కొన్నవాళ్ల మీద కాదు, నెట్‌వర్క్‌లో ఉన్న మొత్తం చందాదారుల మీద. కొన్నవాళ్లు 5 శాతంలోపైతే పూర్తి ఫీజు, 10 నుంచి 15 శాతమైతే సగం, 20 శాతం చేరితే సున్నా. లక్ష కనెక్షన్ల నెట్‌వర్క్‌లో 4 రూపాయల ఛానల్‌ని 4 శాతం మంది విడిగా కొన్నారనుకోండి. వచ్చేది 16,000, పంపిణీ వాటా పోగా 12,800. కట్టాల్సింది 20,000. ప్రతి నెలా 7,200 చేతి నుంచి పోతే ఏ ఛానల్ నిలుస్తుంది? అదే 20 శాతానికి చేరితే ఫీజు లేదు, చేతికి 64,000. 2024లో ఎస్‌డీ, హెచ్‌డీ తేడా తీసేసి ఈ ఫీజు పద్ధతిని సరళం చేశారు గానీ, ఇష్టమున్నవాళ్లే కొనుక్కోవాలన్న పద్ధతిలో ఒంటరి ఛానళ్లు నిలబడటం కష్టమే.

చెన్నైకి ఇది కొత్త కాదు. 2003 సెప్టెంబర్‌లో ఇక్కడ క్యాస్ (పే ఛానళ్లు బాక్సు ఉంటేనే వచ్చే పద్ధతి) వచ్చినప్పుడు పే ఛానళ్ల కోసం బాక్సు కొనడానికి చాలామంది ముందుకు రాలేదు, ఉచిత ఛానళ్లతోనే సరిపెట్టుకున్నారు. విడిగా కొనమంటే జనం కొనరు. కాబట్టి ఒంటరి ఛానల్‌ని అందరి ప్యాక్‌లోనే వేయాలంటాను.

ఎఫ్_కనెక్టర్

'చూసేది 40 ఇళ్లే' అనుకునే ముందు బొమ్మ సరిగ్గా వస్తోందా చూశారా? తక్కువ మంది చూసే ఛానళ్లను తరచూ పై ఫ్రీక్వెన్సీలో వేస్తారు. ఇంటికి లాగే ఆర్‌జీ-6 కేబుల్ వైరు 30 మీటర్లు ఉంటే 100 మెగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ 2 డీబీ (డెసిబెల్) పోతుంది, 750 దగ్గర 5-6 పోతుంది. ఇంట్లో రెండు దారుల స్ప్లిట్టర్ ఇంకో 4, నాలుగు దారులదైతే 7-8 తింటుంది. సీరియల్ ఛానల్ అద్దంలా వస్తుంది, హాకీ మాత్రం గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. ఆ ఇంటివాళ్లు వారం చూసి వదిలేస్తారు. మనం చూసేవాళ్లు లేరని రాసుకుంటాం.

మీటర్ పట్టుకుని బాక్సు దగ్గర ఆ ఒక్క ఫ్రీక్వెన్సీ కొలవండి. 60 డీబీ మైక్రోవోల్ట్ ఉంటే నిశ్చింత, 50 కిందికి దిగితే ఇబ్బంది మొదలవుతుంది. సముద్రపు గాలికి మేడ మీద కనెక్టర్లో రాగి పిన్ను పచ్చబడుతుంది. గీకి మళ్లీ బిగించొద్దు, అంగుళం వైరు కోసేసి కొత్త కనెక్టర్ వేయండి.

తెలుగు ఇళ్లలో మరో సంగతి. సోనీ స్పోర్ట్స్ టెన్ 4లో తమిళం, తెలుగు రెండు ఆడియోలూ ఉంటాయి. బాక్సు తమిళం మీద ఆగిపోతే ఛానలే తమిళమనుకుని తీసేయమంటారు. రిమోట్‌లో ఆడియో బటన్ చూపించండి చాలు.

పెరంబూర్_లైన్

మీటర్ విషయం తట్టలేదండి, రేపే చూస్తాను. ఇంకొకటి. 'డీడీ స్పోర్ట్స్‌లో వస్తుందిగా, యాడ్-ఆన్ ఎందుకు' అని కొందరు అడుగుతున్నారు. తీరా చూస్తే మ్యాచ్ టైముకి కేబుల్లో వేరే కార్యక్రమం వస్తోంది. తిట్లు మాత్రం మాకు.

లెక్కలపుస్తకం

అది మీ తప్పు కాదు. 2007 చట్టం ప్రకారం దేశానికి ముఖ్యమైన పోటీల సిగ్నల్‌ని ప్రసార హక్కులు కొన్న ఛానల్ ప్రసార భారతికి ఇవ్వాలి. ఆ సిగ్నల్ దూరదర్శన్ యాంటెన్నా ప్రసారంలో, డీడీ ఫ్రీ డిష్‌లో మాత్రమే వెళ్లాలని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవేటు కేబుల్, డీటీహెచ్‌లలో ఇవ్వకూడదు. ఇదే ముక్క రెండు వరుసల్లో తెలుగులో రాసి కలెక్షన్ కుర్రాళ్ల చేతికివ్వండి.

మైలాపూర్ గారి లెక్క చూశాక నా మాట కొంచెం మార్చుకుంటున్నా. అందరి మీదా వేయడం ఇప్పటికీ వద్దంటాను, కానీ ఒంటరి ఛానల్‌ని ఒంటరిగానూ అమ్మకూడదు. ఎమ్మెస్వోతో 20 రూపాయల లోపు ఒక ఆటల ప్యాక్ కట్టించండి. అందులో ఒంటరి ఛానళ్లు, తెలుగు వ్యాఖ్యానం ఉన్నవి ఉండాలి.  ఒకే ఇంట్లో రెండు బాక్సులుంటే హాల్లో దానికే వేయండి, ప్రతి బాక్సుకీ వేరే ఛానళ్లు ఎంచుకోవచ్చు. యాక్టివేట్ చేశాక బాక్సు ఆపకుండా అదే ఛానల్ మీద పావుగంట ఉంచమనండి. బాక్సు ఆఫ్‌లో ఉంటే అనుమతి సందేశం అందదు, 'సబ్‌స్క్రైబ్ చేయలేదు' అనే వస్తుంది.

ఎఫ్_కనెక్టర్

ప్యాక్ మొదలయ్యే తేదీ కూడా చూసుకోండి అన్నా. 30 రోజుల సైకిల్ నెల 1న మొదలైతే, 20న మొదలయ్యే టోర్నీ సగంలో ఛానల్ ఆగిపోతుంది. మొదటి మ్యాచ్‌కి ముందు రోజు వేస్తే సరి.